ఒక రాయంత

గ్వాతెమాలా నగరంలో
పిల్లల ఆసుపత్రి మూడో అంతస్తు, మెట్ల పక్కన నా గది.
ఒక త్రాసు. గోడకు ఎత్తు కొలిచే బద్ద.
జేబులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతల టేపు.
పందొమ్మిదేళ్లుగా నా పని ఒకటే:
రక్తం దారి తప్పిన పిల్లల్ని
చెప్పులు విప్పించి నిలబెట్టడం.

డాక్టర్లు రక్తాన్ని చూస్తారు.
నేను దాన్ని మోస్తున్న ఒంటిని చూస్తాను.

ఒళ్లు ఎండిపోయిన పిల్లల్లో
మందు జబ్బును కాలుస్తూ కాలుస్తూ
పక్కనున్న ఆ కాస్త కండనూ అంటుకుంటుంది.
తర్వాత రెండు రోజుల జ్వరం చాలు,
దీపం కొడిగట్టడానికి.

మరి బొద్దుగా ఉంటే గట్టెక్కినట్టేనా?
బస్సుల అడ్డాలో కూల్‌డ్రింకులమ్మే
మారిత్సా నన్నదే అడిగింది.
కూతురు యెసేనియాకు పదకొండేళ్లు,
బుగ్గలు పుణికి వెళ్లని చుట్టం లేడు.
ఎలా చెప్పను?
కొవ్వు కూడా ఒక పిచ్చి తల్లే అమ్మా,
ఎవరొచ్చి దాక్కున్నా కొంగు కప్పుతుంది,
జబ్బు కణమొచ్చినా.
మందు వీధంతా గాలించి వెళ్లిపోయింది.
ఏడాది తిరక్కుండానే
అది తలుపు తీసుకుని బయటికొచ్చింది.

ఆ బరువు వల్లేనని ఎవరూ రాసివ్వలేరు.
కాదని కూడా.
పిల్ల తప్పు మాత్రం కాదు, నీదీ కాదు అన్నాను.
మారిత్సా నా మాట వినలేదు,
త్రాసు వంక చూస్తోంది,
అది ఇంకేదో చెబుతుందన్నట్టు.

ఆ మధ్యాహ్నమే ఎవులాలియో వచ్చాడు.
కొండల మీది పల్లె, రెండు బస్సులు, రాత్రంతా ప్రయాణం.
వెంట అమ్మమ్మ తోమాసా.
ఆమెది కిచే భాష, నాది స్పానిష్.
మా ఇద్దరి మధ్యా ఆరేళ్ల వాడే దుబాసీ.
కిందటిసారి పద్నాలుగు కిలోలు.
ఈసారి పదిహేనున్నర!

మనసు ఎగిరింది.
చేతికి టేపు చుట్టాను.
టేపు ఎరుపు దగ్గరే ఆగింది,
ఒక్క గీత కూడా జరగలేదు.
త్రాసు ఒకటి చెబుతోంది, చెయ్యి ఒకటి చెబుతోంది.

జాకెట్ విప్పమన్నాను.
వాడు అమ్మమ్మ వైపు చూశాడు.
లోపలి అంచుకు కుట్టిన సంచిలో
ఏటి రాళ్లు. ఏడు.
నున్నగా, వాడి ఒంటి వేడితో వెచ్చగా.

బరువు తగ్గితే మందు ఆపేస్తారని
బస్సులో ఎవరో చెప్పారట.
తోమాసా తల దించలేదు.
దొంగతనం చేసినట్టు కాదు,
పూచీకత్తు కట్టినట్టు నిలబడింది.

నా కాళ్లలో వణుకు.
ఎత్తూ బరువూ చూసే కదా మందు లెక్క కట్టేది.
ఇంకో అరగంట ఆగితే
రాళ్ల వంతు కూడా వాడి నరంలోకే ఎక్కేది.
రాళ్లకు జబ్బు లేదు అవ్వా, అన్నాను.
వాడు దాన్ని కిచేలోకి మార్చాడు.
ఏం మార్చాడో గానీ
ఆమె మొదటిసారి నవ్వింది,
నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

రాళ్లను ఒక్కొక్కటే తూచమన్నాడు వాడు.
తూచాం.
అన్నిటికన్నా చిన్నది నూట ఎనభై గ్రాములు.
అది నా బల్ల మీద ఉంచేసి
పొడి పాల డబ్బా, వేరుశనగ ముద్దలు,
మొక్కజొన్న జావలో నూనె ఎంత కలపాలో
చెంచాతో చూపించి పంపాను.

తర్వాత స్టెరాయిడ్లు వాడి ముఖాన్ని ఉబ్బించాయి.
పల్లెలో అంతా ఒళ్లు చేశాడన్నారట.
తోమాసా ఒప్పుకోలేదు,
బుగ్గలు వదిలేసి
వాడి జబ్బ పట్టి చూసేదట, నాలాగే.

ఏడో వారం.
జాకెట్ తనే విప్పి, జేబులు తిరగేసి చూపించి
త్రాసెక్కాడు.
ముల్లు తటపటాయించి నిలిచింది.
నేను అంకె చదివేలోపే
వాడు బల్ల మీది రాయి తీసి
అరచేతిలో ఎగరేశాడు.

ఇంత, అన్నాడు.
నిజమే. ఇంతే.

పక్క వార్డులో
యెసేనియా మళ్లీ మొదటి సీసా ఎక్కించుకుంటోంది.
టేపు జేబులో పెట్టుకుని
అటు నడిచాను.